పాత డీజిల్ పికప్‌కి ఏ ఆయిల్ పోయాలి: 15డబ్ల్యూ-40లోనే ఉండాలా, 20డబ్ల్యూ-50కి మారాలా?

కొళత్తూరు క్యాన్ వాటర్ | చెన్నై | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. కొళత్తూరులో నీళ్ల క్యాన్ల వ్యాపారం నాది. బండి 2008 మోడల్ పికప్, డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే) టర్బో డీజిల్, పాత పంపు రకం, కామన్ రైల్ అనే కొత్త పద్ధతి కాదు. మీటరు 3 లక్షల 10 వేలు దాటింది. తిరిగేదంతా విల్లివాక్కం, అయనావరం, పెరంబూరు సందుల్లోనే. వీధి మొదట్లో ఆపడం, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే కుర్రాళ్లు క్యాన్లు దించడం, మళ్లీ నాలుగిళ్లు దాటి ఆపడం. హైవే ఎక్కేది ఎప్పుడో ఒకసారి.

కొన్నాళ్లుగా మధ్యాహ్నం పూట, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఆయిల్ లైటు మినుకుమినుకుమంటోంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆరిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. మాన్యువల్‌లో 15డబ్ల్యూ-40 అని ఉంది, ఇన్నేళ్లూ అదే పోయిస్తున్నాను. మా మెకానిక్ "బండి పాతబడింది, ఎండలు చూస్తున్నారుగా, 15 పలచన, 20డబ్ల్యూ-50 పోద్దాం" అంటాడు. పక్క షెడ్డాయన 20డబ్ల్యూ-40 చాలంటాడు. స్పేర్ పార్ట్స్ షాపులో అయితే ఆయిల్‌ని చిక్కబరిచే మందు అని ఒక సీసా చేతిలో పెట్టబోయారు, తీసుకోలేదు.

నవంబరులో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంది. ఇంజిన్ దించి పని చేయించేంత డబ్బు ఇప్పుడు లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఏది పోయాలి?

ఎన్నూరు లోడు | చెన్నై

అన్నా, ఇంకేం ఆలోచించకుండా 20డబ్ల్యూ-50 పోసేయండి. నా బండీ దాదాపు ఆ వయసుదే, హార్బరు లోడు కొడుతుంది. అది పోసిన దగ్గర్నుంచి లైటు రాలేదు, ఇంజిన్ చప్పుడు కూడా తగ్గింది. చెన్నై ఎండకి 15 ఏం ఆగుతుంది? మాన్యువల్ రాసింది కొత్త బండికి, మూడు లక్షలు తిరిగిన బండికి కాదు.

మాధవరం మేస్త్రి | చెన్నై

క్యాన్ వాటర్ గారూ, పోసే ముందు కొన్ని సంగతులు చెప్పండి. ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది? లెవెల్ ఎంతుంది, తగ్గుతోందా? సైలెన్సర్ పొగ ఏ రంగు? ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ కొడుతోందా, అంటే లోపల్నుంచి గాలి ఊదుతోందా? అన్నిటికన్నా ముఖ్యం, ఆయిల్ ప్రెషర్ గేజి పెట్టి ఎవరైనా చూశారా, లేక లైటు చూసే అందరూ సలహా ఇస్తున్నారా?

డ్యాష్‌బోర్డు లైటుని వెలిగించేది ఒక చిన్న స్విచ్చి. ప్రెషర్ ఒక హద్దు కన్నా కిందకి పోతే అది లైటు వెలిగిస్తుంది, అంతే. మామూలుగా ఆ హద్దు చదరపు సెంటీమీటరుకి అర కేజీకి అటూ ఇటూ ఉంటుంది. ప్రెషర్ ఎంత ఉందో దానికి తెలియదు. స్విచ్చే పాడైనా లైటు వెలుగుతుంది. వైరు బాడీకి తగిలినా వెలుగుతుంది. స్విచ్చి విప్పి ఆ కన్నంలో మెకానికల్ గేజి బిగించి, బండిని ఒక అరగంట లోడుతో తిప్పి, వేడి మీద ఐడ్లింగ్‌లో ఎంత, 2500 ఆర్‌పీఎంలో ఎంత అని రెండు లెక్కలు రాసుకోవాలి. షెడ్డులో పావుగంట పని. అది చూడకుండా ఆయిల్ గ్రేడు మార్చడం నాకు నచ్చదు.

మణలి నూనె | చెన్నై

మేస్త్రి గారి మాటతో ఏకీభవిస్తూ, ఆ అంకెల సంగతి కొంచెం వివరంగా చెప్తాను. లూబ్రికెంట్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రోజూ చేతుల మీదుగా నడిచిన లెక్కలివి.

15డబ్ల్యూ-40లో డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. ఆ చలి మన చలి కాదు. ఎస్ఏఈ జె300 అనే ప్రమాణం ప్రకారం 15డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ సున్నాకి 20 డిగ్రీల కింద కూడా తిరగగలగాలి. 20డబ్ల్యూ అయితే సున్నాకి 15 కింద. 5డబ్ల్యూకి సున్నాకి 30 కింద పరీక్ష చేస్తారు. చెన్నైలో మార్గశిరం తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాబట్టి ఆ ముందు అంకె చూసి "15 పలచన, 20 చిక్కన" అనుకుని మన ఎండలకి ముడిపెట్టడం కుదరదు.

వేడి మీద చిక్కదనం చెప్పేది వెనక అంకె. 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 40 గ్రేడు అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. 30 అయితే 9.3 నుంచి 12.5 లోపు. అంటే 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, పాతకాలపు సింగిల్ గ్రేడు 40, ఈ మూడూ వేడెక్కిన ఇంజిన్లో ఒకే బ్రాకెట్లో ఉంటాయి. పక్క షెడ్డాయన చెప్పినట్టు 20డబ్ల్యూ-40కి మారితే మీ మధ్యాహ్నం లైటుకి ఒరిగేదేమీ లేదు.

ఇంకొకటి. బేరింగుల మధ్య ఆయిల్ నలిగే పరిస్థితిని 150 డిగ్రీల దగ్గర వేరే పరీక్షతో కొలుస్తారు. అందులో 15డబ్ల్యూ-40కి ఉండాల్సిన కనీసం 3.7. 50 గ్రేడుకి ఉండాల్సిన కనీసం కూడా 3.7. మార్కెట్లో దొరికే 20డబ్ల్యూ-50లు ఆ కనీసం కన్నా బాగా పైనే ఉంటాయి, అది నిజం. కానీ 15డబ్ల్యూ-40 బేరింగుల్ని కాపాడలేనంత నీళ్ల ఆయిల్ అనుకోవద్దు. లారీలు ఘాట్లెక్కేది దాంతోనే.

చెన్నై ఎండ గురించి. 2003 మేలో ఇక్కడ 45 డిగ్రీలు నమోదైంది, అంతకన్నా ఎక్కువ మనం చూడలేదు. ఇంజిన్ ఆయిల్ మామూలుగానే 90, 100, లోడు మీద ఇంకా పైకి పోతుంది. రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్ బెల్టు సరిగ్గా ఉంటే బయట 32 ఉన్నా 42 ఉన్నా సంపులో, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టెలో, అంత తేడా రాదు. ఎండాకాలంలో ఆయిల్ మరీ పలచబడుతోందంటే ముందు రేడియేటర్ని అనుమానించాలి.

మదనపల్లి టమాటా | బెంగళూరు

మణలి సార్ చెప్పింది నా బండి మీద సరిగ్గా సరిపోతుంది. నాది 2011 బొలెరో పికప్. మదనపల్లి మార్కెట్ నుంచి చింతామణి, హోసకోటె మీదుగా బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కి టమాటా తోలుతాను. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుమతి. మీటరు మీది కంటే ఎక్కువే. మొదట్నుంచీ 15డబ్ల్యూ-40, ఇప్పుడు సీకే-4 రకం (డబ్బా మీద రాసే డీజిల్ ఆయిల్ నాణ్యత గుర్తు) పోస్తున్నాను.

ఇక్కడ బెంగళూరులోనూ ఈ చర్చ ఉంది. జనవరి పొద్దుల్లో 15 డిగ్రీలకి పడగానే "చలికి పలచనిది పోయాలి" అని 5డబ్ల్యూ-30 అంటగట్టే షాపులున్నాయి. బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884లో. 15డబ్ల్యూ ఆయిల్‌కి అదొక లెక్కే కాదు. పాత డీఐ ఇంజిన్‌కి వెనక అంకె 30కి దించాల్సిన పనిలేదు, 50కి పెంచాల్సిన పనీ నాకు రాలేదు.

ఒక తేడా మాత్రం గమనించండి. నా బండి హైవే మీద ఒకే తీరుగా నడుస్తుంది. మీది రోజంతా ఐడ్లింగ్. మీటరు చూసి ఆయిల్ మారిస్తే మీకు కుదరదు. గంట ఐడ్లింగ్‌ని 40 కిలోమీటర్లకు పైనే లెక్కగట్టే ఫ్లీట్ కంపెనీలున్నాయి. మీ లెక్కలో 5 వేలు తిరిగిన ఆయిల్ నిజానికి ఎంత పనిచేసిందో ఒకసారి లెక్కేయండి.

ఎన్నూరు లోడు | చెన్నై

సార్, లెక్కలు బాగున్నాయి, కాదనను. కానీ నా బండికి లైటు పోయిన మాట నిజం. చప్పుడు తగ్గిన మాట నిజం. అది ఉత్తినే జరగదు కదా?

మణలి నూనె | చెన్నై

ఉత్తినే జరగలేదు బాబూ, మీరు చూసింది నిజమే. బేరింగు అరిగి సందు పెరిగితే ఆయిల్ అందులోంచి త్వరగా బయటికి జారిపోతుంది, ప్రెషర్ నిలవదు. చిక్కటిది పోస్తే జారడం తగ్గి ప్రెషర్ పెరుగుతుంది, లైటు ఆరుతుంది. సందు మాత్రం అలాగే ఉంటుంది.

నా భయం వేరే చోట ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40 కన్నా బాగా చిక్కగా ఉంటుంది. పంపు తోసేది ఎక్కువైతే రిలీఫ్ వాల్వు తెరుచుకుని కొంత తిరిగి సంపులోకే పోతుంది. గేజిలో ప్రెషర్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ పైన టర్బోకి, రాకర్లకి ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. టర్బో షాఫ్టు పూర్తిగా ఆయిల్ పొర మీదే తిరుగుతుంది. సెల్ఫ్ కొట్టగానే రేజ్ చేసే అలవాటున్న డ్రైవర్ చేతిలో చిక్కటి ఆయిల్ టర్బోకి మంచిది కాదు. కొంచెం డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది.

చిక్కబరిచే మందు సీసా గురించి కూడా అడిగారు. సాంబారు నీళ్లయిందని పిండి కలిపితే చిక్కబడుతుంది, రుచి రాదు. ఆ సీసాలో చాలావరకు ఉండేది పాలిమర్. గేర్లు, బేరింగుల మధ్య నలిగి కొన్నాళ్లకి దాని బలం పోతుంది. పైగా ఆయిల్లో కంపెనీవాళ్లు లెక్క ప్రకారం కలిపిన మిగతా మందుల పాళ్లు చెడతాయి. తీసుకోకపోవడం మంచి పని.

కొళత్తూరు క్యాన్ వాటర్ | చెన్నై | మంగళవారం సాయంత్రం

అందరికీ చాలా థ్యాంక్స్. మేస్త్రి గారు అడిగినవి:

ఆయిల్ మార్చి మూడు నెలలు దాటింది. పొగ మామూలే, లోడు మీద కొంచెం నలుపు, నీలం ఎప్పుడూ చూడలేదు. మూత తీస్తే సన్నగా ఆవిరి వస్తోంది, ఊదేంత లేదు. గేజి ఇంకా పెట్టలేదు, రేపు పెట్టిస్తాను.

లెవెల్ దగ్గరే నాకు అర్థం కావట్లేదు. అస్సలు తగ్గలేదు. ఈ రోజు పొద్దున చల్లారిన బండికి చదును నేల మీద చూశాను. డిప్‌స్టిక్ మీద పై గీత దాటి ఒక వేలెడు పైకి ఉంది. ఆయిల్ మార్చినప్పుడు పై గీతకి కొంచెం కిందే పోయించాను, అది నాకు బాగా గుర్తుంది. మధ్యలో ఎవరూ టాపప్ చేయలేదు.

మాధవరం మేస్త్రి | చెన్నై

బండి పక్కన పెట్టండి. రేపు లోడు వద్దు.

పాత డీజిల్లో ఆయిల్ లెవెల్ దానంతట అది పెరిగిందంటే సంపులోకి వేరేదేదో దిగుతోంది. నీళ్లయితే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా అవుతుంది, మూత లోపల మీగడలా అంటుకుంటుంది. ఆ రంగు లేదంటే డీజిల్. డిప్‌స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. వేళ్ల మధ్య రుద్దండి, జిగురు లేకుండా జారిపోతుంటే అదే.

ఎందుకు ఆపమంటున్నానంటే, లెవెల్ బాగా పెరిగాక ఆ పలచటి మిశ్రమం బ్రీతర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి పోతే ఇంజిన్ దాన్నే కాల్చుకుని తనంతట తాను రేజ్ అవుతుంది. అప్పుడు తాళం తిప్పినా ఆగదు. గేరులో వేసి బ్రేకు తొక్కి క్లచ్ వదిలి ఆపాలి, లేదా గాలి దారి మూసేయాలి. సందుల్లో, చుట్టూ కుర్రాళ్లు క్యాన్లు మోస్తుండగా ఆ పరిస్థితి రాకూడదు.

గుమ్మిడిపూండి పాత బండి | చెన్నై

నేను 40 నంబరు సింగిల్ గ్రేడు ఆయిల్ కాలం నాటివాణ్ని. మాకప్పుడు ల్యాబులు ఎక్కడివి. చుక్క పరీక్ష చేసేవాళ్లం, ఇప్పటికీ పనికొస్తుంది. వేడి ఇంజిన్ ఆపగానే డిప్‌స్టిక్ తీసి బ్లాటింగ్ పేపర్ మీద ఒక్క చుక్క వేయండి. బ్లాటింగ్ లేకపోతే కాఫీ వడబోసే ఫిల్టర్ పేపరైనా సరే. కింద ఏదీ తగలకుండా గిన్నె అంచుల మీద ఆనించి పెట్టాలి. ఫ్యాను కింద పెట్టొద్దు. రాత్రంతా వదిలేసి పొద్దున వెలుతురుకి పట్టుకుని చూడండి. పక్కనే కొత్త ఆయిల్ చుక్క కూడా వేసుకుంటే పోల్చుకోవచ్చు.

కొళత్తూరు క్యాన్ వాటర్ | చెన్నై | బుధవారం ఉదయం

పెద్దాయన చెప్పినట్టే చేశాను. కొత్త ఆయిల్ చుక్క గుండ్రంగా, లేత తేనె రంగులో ఒకే తీరుగా పాకింది. బండిలోది మధ్యలో నల్లటి రూపాయి బిళ్లంత మచ్చ, దాని చుట్టూ బూడిద రంగు వలయం, ఆ వలయం బయట ఇంకో వెడల్పాటి వలయం ఉంది. అది దాదాపు రంగే లేకుండా, నూనె పీల్చిన కాగితంలా వెలుతురు అవతలికి కనిపించేట్టు ఉంది. అంచు లేత పసుపు. కొత్త ఆయిల్ చుక్కకి ఆ బయటి వలయమే లేదు. ముక్కుకి దగ్గరగా పెడితే డీజిల్ వాసన స్పష్టంగా తెలుస్తోంది.

బండి ఇంట్లోనే ఉంది. ఈ రోజుకి లోడు ఇంకో బండికి అప్పజెప్పాను.

గుమ్మిడిపూండి పాత బండి | చెన్నై

ఆ రంగులేని బయటి వలయమే డీజిల్. ఆయిల్ కన్నా పలచన కాబట్టి ముందు పాకిపోతుంది. మధ్య నలుపు మసి. నలుపు చూసి టెన్షన్ పడకండి, డీజిల్ ఇంజిన్‌కి అది ఉండేదే. ఆయిల్ మసిని పట్టుకుని మోస్తోందంటే తన పని తాను చేస్తున్నట్టే.

మణలి నూనె | చెన్నై

ఇప్పుడు లైటు ఎందుకు వెలుగుతోందో తెలిసింది. నూటికి ఐదు పాళ్లు డీజిల్ కలిసినా 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడు హద్దుల్లోకి జారిపోవచ్చు. మీకు లెవెల్ పెరిగిన తీరు చూస్తే ఇంకా ఎక్కువే కలిసి ఉండాలి. మీరు పోసింది 15డబ్ల్యూ-40. మధ్యాహ్నానికి సంపులో ఉన్నది 15డబ్ల్యూ-40 కాదు. ఇందులో 20డబ్ల్యూ-50 పోసి ఉంటే అదీ కొన్ని వారాల్లో పలచబడి 40లా తయారయ్యేది, లైటు కొన్నాళ్లు ఆరి ఉండేది, డీజిల్ మాత్రం దిగుతూనే ఉండేది. ఈలోగా బేరింగులు అరిగిపోయేవి.

అందుకే గ్రేడు పెంచే ముందు కారణం చూడమని ప్రతి ఒక్కరికీ చెప్తాను.

మాధవరం మేస్త్రి | చెన్నై

డీజిల్ దిగే దారులు పాత ఇంజిన్లో ఎక్కువగా మూడు. ఒకటి, ఫీడ్ పంపు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు. లోపలి సీలు ఎండిపోతే ఇంజిన్లోకి కారుతుంది. రెండు, పెద్ద పంపు (నాజిళ్లకి డీజిల్ తోసే ఇంజెక్షన్ పంపు) ముందు సీలు, షాఫ్టు వెంట టైమింగ్ వైపు దిగుతుంది. మూడు, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారడం. నాజిల్ కారితే పొద్దున తెల్లపొగ, ఐడ్లింగ్‌లో కుదుపు, నాక్ ఉంటాయి. మీకవేవీ లేవన్నారు కాబట్టి నా అనుమానం మొదటి రెండింటి మీదే. ముందు ఫీడ్ పంపు విప్పి చూడమనండి, చవకది, తేలికది. పెద్ద పంపు అయితే పంపు నాజిల్ షాపులో బెంచి మీద క్యాలిబ్రేషన్ తెలిసినవాళ్లకే ఇవ్వండి, రోడ్డు పక్కన విప్పనివ్వొద్దు.

విప్పే ముందు ఈ ఆయిల్‌తోనే గేజి లెక్క ఒకటి రాసి పెట్టుకోండి. తిప్పొద్దు, నిలబెట్టే కాసేపు వేడి చేసి చూస్తే చాలు. ఆ తర్వాత అంతా దించేయండి, ఫిల్టర్ కూడా మార్చండి. పాత ఫిల్టర్లో లీటరు దగ్గర ఆ పలచటి ఆయిలే మిగిలి ఉంటుంది.

కొళత్తూరు క్యాన్ వాటర్ | చెన్నై | శనివారం రాత్రి

మేస్త్రి గారూ, మీరన్నదే అయింది. ఫీడ్ పంపు. లోపలి సీలు గట్టిపడి అంచు చిట్లి ఉంది, వేలితో నొక్కితే పొడిగా విరిగింది. ఇన్నేళ్ల రబ్బరు, దాని వయసు అయిపోయింది. పంపు మొత్తం కొత్తది వేయించాను. పెద్ద పంపు సీలు తడిలేకుండా ఉంది, ముట్టుకోలేదు.

గేజి లెక్కలు. పాత ఆయిల్‌తో వేడి మీద ఐడ్లింగ్ 0.4 కేజీ, 2500 దగ్గర 2 కేజీలు. అంతా దించి, కొత్త ఫిల్టర్ వేసి, 15డబ్ల్యూ-40 పోశాక, ఈ రోజు మధ్యాహ్నం ఎండలో పూర్తి లోడుతో పెరంబూరు దాకా వెళ్లొచ్చి చూస్తే ఐడ్లింగ్ 1.2, 2500 దగ్గర 3.6. లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. రోజూ పొద్దున లెవెల్ చూసి డిప్‌స్టిక్ మీద ఎక్కడుందో పుస్తకంలో గీత గీస్తున్నాను, ఇప్పటికి కదల్లేదు.

మాధవరం మేస్త్రి | చెన్నై

1.2, 3.6 అంటే మూడు లక్షల బండికి చాలా మంచి లెక్క. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ, అంటే 0.7 కేజీ ఉండాలని మా వాడుక లెక్క. మీ ఇంజిన్‌కి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన లెక్క దొరికితే అదే ఖాయం. మీ బేరింగులకి ఏమీ కాలేదు. 15డబ్ల్యూ-40 మార్చొద్దు. ఐడ్లింగ్ ఎక్కువ కాబట్టి కిలోమీటర్లు కాకుండా మూడు నెలలకోసారి మార్చేయండి.

పూందమల్లి పువ్వులు | చెన్నై

ఈ చర్చ చదివి నేనూ గేజి పెట్టించాను. నాది 2006 మోడల్, కోయంబేడుకి పూలు తోలుతాను. లెవెల్ పెరగడం లేదు, డీజిల్ వాసన లేదు, చుక్క పరీక్షలో బయటి వలయం లేదు. ఆయిల్ కొత్తదే, 15డబ్ల్యూ-40. అయినా వేడి మీద ఐడ్లింగ్ 0.5, 2500 దగ్గర 1.6 మాత్రమే. కింద నుంచి డొంగుడొంగుమని శబ్దం ఇంకా లేదు. ముందు దసరా, దీపావళి సీజను ఉంది, బండి ఆపితే నాకు ఏడాది ఆదాయం పోతుంది. నా విషయంలో 20డబ్ల్యూ-50 తప్పా?

మాధవరం మేస్త్రి | చెన్నై

తప్పు కాదు తమ్ముడూ. నీ కేసు వేరు. కొలిచి చూశావు, మిగతావి కాదని తేల్చుకున్నావు. కానీ దానికంటే ముందు ఒక్క పని. చాంబరు (సంపు తొట్టె) దించి స్ట్రెయినర్, అంటే పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జాలీ చూడు. మసి, సీలింగ్ గమ్ము ముక్కలు జాలీకి పట్టి పంపుకి ఆయిల్ అందకపోతే కూడా ఇవే లెక్కలు వస్తాయి. ఐడ్లింగ్‌లోనే కాదు, రేజింగ్‌లో కూడా నీకు తక్కువుంది, కాబట్టి జాలీ, రిలీఫ్ వాల్వు, పంపు ఈ మూడూ చూడాలి. చాంబరు దించినప్పుడే ఒక కాన్‌రాడ్ క్యాపు, ఒక మెయిన్ క్యాపు విప్పి షెల్ బేరింగు చూసుకో. పై తెల్ల పొర పోయి కింద రాగి రంగు కనిపిస్తుంటే అరిగినట్టే.

అరిగిందని తేలి, సీజను అయ్యేదాకా నెట్టాలంటే అప్పుడు 20డబ్ల్యూ-50 పోయి. పొద్దున సెల్ఫ్ కొట్టాక ఒక నిమిషం రేజ్ చేయకు, ఆపే ముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచు, టర్బో చల్లబడనీ. ఓవర్‌లోడు వద్దు.

మణలి నూనె | చెన్నై

పువ్వుల బాబుకి ఒక ముఖ్యమైన జాగ్రత్త. షాపులో దొరికే 20డబ్ల్యూ-50లు చాలా వరకు పెట్రోల్ ఇంజిన్ల కోసం చేసినవి. డబ్బా వెనక ఏపీఐ (ఆయిల్ రకాలు నిర్ణయించే అమెరికా పెట్రోలియం సంస్థ) పక్కన ఉన్న అక్షరం చూడండి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్, సీతో మొదలైతే డీజిల్. రెండూ ఉన్నా సీ వైపు ఏముందో చూడాలి. మీ ఇంజిన్‌కి సీహెచ్-4 కానీ, సీఐ-4 కానీ, ఆ పైది కానీ ఉండాలి. డీజిల్ మసిని ముద్దకట్టకుండా పట్టి ఉంచే మందులు పెట్రోల్ ఆయిల్లో ఆ పాళ్లలో ఉండవు. సరైన చిక్కదనం ఉన్న తప్పు రకం ఆయిల్ కన్నా, సరైన రకం 15డబ్ల్యూ-40 మీ ఇంజిన్‌ని ఎక్కువ కాలం కాపాడుతుంది. చిక్కదనం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ అక్షరం మీద పెట్టమని అందరినీ కోరుతున్నాను.

"కొత్త సీకే-4 పాత ఇంజిన్లకి పడదు" అనే మాట కూడా వింటున్నాను. పాత డీజిల్లో గంధకం ఎక్కువ, ఆ ఆమ్లాన్ని చంపడానికి ఆయిల్లో క్షారం ఎక్కువ కావాల్సి వచ్చేది. బీఎస్-3 డీజిల్లో గంధకం 350 పీపీఎం దాకా ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బంకుల్లో వస్తున్న బీఎస్-6 డీజిల్లో 10 పీపీఎం మించదు. మీ బండి 2006దైనా తాగేది ఇప్పటి డీజిలే. సీకే-4 ని వెనకటి సీ రకాల బదులు వాడుకునేట్టే చేశారు. దాంతోపాటే 2016లో వచ్చిన ఎఫ్ఏ-4 మాత్రం పాత ఇంజిన్లలో పోయకూడదు, అది కొత్త ఇంజిన్ల కోసం చేసిన పలచటి 30 గ్రేడు ఆయిల్.

మదనపల్లి టమాటా | బెంగళూరు

దానికి తోడు, సీలు ఉన్న డబ్బానే కొనండి. లూజు ఆయిల్ ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. అందులో ఏ గ్రేడు ఉందో చూసి చెప్పగలిగిన వాడు లేడు. పోశాక ఖాళీ డబ్బాకి కన్నం పెట్టి పారేయండి. మంచి డబ్బాల్లో నాసిరకం నింపి మళ్లీ అమ్మేవాళ్లకి మన డబ్బా దొరకకూడదు.

కొళత్తూరు క్యాన్ వాటర్ | చెన్నై

దించిన ఆయిల్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. డీజిల్ కలిసిన ఆయిల్ క్యాన్లో పట్టి పెట్టాను. షెడ్డులో కుర్రాడు కాలవలో పోసేస్తానన్నాడు, వద్దన్నాను. మా వెనకే ఓట్టేరి నల్లా అనే పెద్ద కాలవ.

గుమ్మిడిపూండి పాత బండి | చెన్నై

మంచి పని చేశారు. వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందకి వస్తుంది, 2016 నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. పెద్ద సర్వీస్ సెంటర్లు డ్రమ్ములు నింపి వాళ్లకి ఇస్తాయి. మూత బిగించి దగ్గర్లోని సర్వీస్ సెంటర్లో అడగండి, చాలామంది తీసుకుంటారు. చెక్కకి పూయడానికి, షట్టరింగు పలకలకి రాయడానికి అడిగేవాళ్లుంటారు, ఇవ్వొద్దు. చేతికి, నేలకి రెండింటికీ మంచిది కాదు.

ఎన్నూరు లోడు | చెన్నై | ఆదివారం

నేనూ గేజి పెట్టించాను. 20డబ్ల్యూ-50తో వేడి మీద ఐడ్లింగ్ 1.7, 2500 దగ్గర 4.5. చుక్క పరీక్ష బాగానే వచ్చింది. డబ్బా చూస్తే సీఎఫ్ అని ఉంది. మేస్త్రి గారూ, వచ్చే సర్వీసుకి 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్ పోసి మళ్లీ కొలవమంటారా?

మాధవరం మేస్త్రి | చెన్నై

అలాగే చేయండి అన్నా. 1.7 ఉన్న ఇంజిన్‌కి 15డబ్ల్యూ-40తో ఒక కేజీ పైన ఉంటుందనే నా నమ్మకం. ఉంటే 50 అవసరం మీకు లేదు. సీఎఫ్ బాగా పాత రకం, టర్బో బండికి దాన్ని మాత్రం కొనసాగించొద్దు. లెక్క వచ్చాక ఇక్కడే రాయండి.

పూందమల్లి పువ్వులు | చెన్నై | మంగళవారం

చాంబరు దించాం. జాలీకి సగం దాకా గమ్ము ముక్కలు, మసి పట్టి ఉన్నాయి. కడిగి, కొత్త ప్యాకింగు వేసి బిగించాక అదే 15డబ్ల్యూ-40తో ఐడ్లింగ్ 0.8, 2500 దగ్గర 2.7. కాన్‌రాడ్ షెల్ విప్పితే ఒక పక్క రాగి రంగు సన్నగా తేలింది. పాత షెల్ వెనక 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, క్రాంకుని ఒకసారి గ్రైండింగ్ చేసి వేసిన సైజు) అని కొట్టి ఉంది. కొత్తవి తెచ్చి వేసేయమంటారా?

మాధవరం మేస్త్రి | చెన్నై

ఇప్పుడున్న లెక్కకి సీజను 15డబ్ల్యూ-40తోనే గడుస్తుంది, 50 కూడా అక్కర్లేదు. షెల్స్ మాత్రం ఇప్పుడే కొనకు. దీపావళి అయ్యాక క్రాంకుని మైక్రోమీటరుతో కొలిపించు. జర్నల్ (క్రాంకులో బేరింగు మీద తిరిగే భాగం) ఇంకా గుండ్రంగా ఉండి కొలత సరిపోతేనే 10 థౌ షెల్స్. గాడి పడినా, కోలగా అరిగినా గ్రైండింగ్‌కి ఇచ్చి 20 థౌ వేయాలి. కొలవకుండా షెల్ మార్చితే పది వేల కిలోమీటర్లు కూడా ఆగదు. కొలిచినప్పుడు ఆయిల్ పంపు గేర్ల సందు కూడా చూడమను, ఆ పనికి మళ్లీ చాంబరు దించాల్సిన ఖర్చు తప్పుతుంది.